కట్ట విప్పని పూట

అది ఎనభై నాలుగు వానాకాలం. సూర్యావతి భిలాయ్ క్యాంప్ వన్‌లోని ఇంటి వరండా తుడిచి, తడి తగలకుండా గోనెలు పరిచేసరికి దుర్గ్ స్టేషన్ నుంచి భర్త అప్పలసూరి మోపెడ్ మీద పేపరు కట్టలతో వచ్చాడు. ఇరవయ్యేళ్లుగా ఆ ఇంట్లో రోజూ అలాగే తెల్లారుతోంది.

హిందీ పేపర్లు రాయపూర్‌లోనే అచ్చయ్యేవి. ఇంగ్లీషు వ్యాపారం పేపరు మాత్రం బొంబాయిలో అచ్చయి, మెయిల్ రైలెక్కి, ఒకరోజు పాతబడి దిగేది. పాతదైనా రోలింగ్ మిల్లుల వాళ్లకీ, తుక్కు ఇనుము వ్యాపారులకీ, సెక్టర్ 4లోని స్టీలు ప్లాంటు ఆఫీసర్లకీ అది చూడందే టీ దిగేది కాదు. ఇనుము ధరలు, టెండర్లు, షేర్లు అన్నీ అందులోనే.

ఏడాదిగా ఆ పేపరుకి భిలాయ్ కబుర్లు పంపిస్తున్నది వాళ్ల కూతురు కనకలతే. బీకాం చదివిన ఆ పిల్ల మధ్యాహ్నమంతా సైకిలు మీద మిల్లులు తిరిగి ధరలు, వార్తలు పోగుచేసేది. సాయంత్రానికి పోస్టాఫీసుకి వెళ్లి టెలిగ్రామ్ ఇచ్చేది. అది బొంబాయిలో అచ్చయి, రైలెక్కి, మళ్లీ ఈ వరండాలోకే వచ్చేది.

ఆ పూట కనకలత కట్ట తాడు విప్పకుండానే అంచు నుంచి ఒక కాపీ లాగి లోపలి పేజీ చూసింది. తను పంపిన వార్త కనిపించగానే ఆమె మొహం మాడిపోయింది. పేపరు తండ్రి చేతికిచ్చి, గోడకి చేరగిలబడి నిలబడింది.

"ఏటే, ఏటయ్యింది?" సూర్యావతి అడుగుతూండగానే వాకిట్లో జీపు ఆగింది. ఆమె తమ్ముడు గురునాథరావు వానలో తడుస్తూ దూసుకొచ్చాడు.

"బావా! కట్ట విప్పీసేవేటి?"

"ఇంకా లేదురా. ముందలా కూకో."

"కూకునేదేటి! మీ గుంట నా కొంప ముంచీసింది. ఫౌండ్రీ రాయపూర్ సేఠ్‌కి అమ్మీస్తన్నానని, మెషిన్లు అక్కడికి పట్టుకుపోయి షెడ్డు మూసీస్తారని పేపర్లో ఏయించీసింది. రాత్రే బొంబాయి నుంచి ఫోనొచ్చింది. రేపే సంతకాలు. ఈలోగా పనోళ్లకి తెలిస్తే గేటుకడ్డంగా కూకుంటారు. సేఠ్ మరి ఇటేపు చూస్తాడేటి?"

నందినీ రోడ్డులో తమ్ముడు ఆ ఇనుప పోత ఫౌండ్రీ పెట్టిన నాడు కొబ్బరికాయ కొట్టింది సూర్యావతే. అందులో పనిచేసేవాళ్లు సగం మంది విజయనగరం నుంచి తమ్ముడే పిలిపించుకున్న మనుషులు.

"అమ్మీస్తన్నావా? నాకైనా చెప్పలేదేటిరా?"

"ఏటని చెప్పనక్కా? ఆర్డర్లు లేక ఏడాదై కొలిమి ఎలిగించడమే గగనమైపోతంది. ఒడ్డున పడాలంటే నాకిదొక్కటే దారి."

కనకలత ముందుకొచ్చింది. "మావయ్యా, మీ ఇంట్లో విన్నది నేను రాయలేదు. సేఠ్ లెక్కలు రాసే మునీమే చెప్పాడు. అయినా మీ ఆఫీసుకొచ్చి అడిగాను కదా? 'సబ్ ఝూఠ్ హై' అని కొట్టిపారేశారు. ఇప్పుడు చెప్పండి, అబద్ధమేనా?"

గురునాథరావు ఆమె వైపు చూడలేదు. "బావా, ఈ ఒక్క పూట కట్ట విప్పకు. రైలుకి రాలేదని చెప్పు. తర్వాత పేపరు పేరున్న ముక్కలు కత్తిరించి, అమ్ముడవలేదని కంపెనీకి రిటర్న్ పంపించీ. ఎవడడుగుతాడు?"

అప్పలసూరి తన కుడికాలి వైపు చూసుకున్నాడు. కాంట్రాక్టు పనిలో ఇనుప దూలం పడి ఆ పాదం నలిగిపోయినప్పుడు, నాగపూర్ దాకా తిరిగి ఈ పేపర్ల ఏజెన్సీ ఇప్పించింది ఈ బావమరిదే. "ఏమే, ఆ కట్ట లోపలెట్టీ" అన్నాడు నెమ్మదిగా.

"నాన్నా! అయితే రేపటి నుంచి చుట్టాల పేర్లు చూసుకుని వార్తలు రాయాలా నేను?" కనకలత అడిగింది. జవాబు కోసం ఆగకుండా, వానలోనే సైకిలెక్కి వెళ్లిపోయింది.

సూర్యావతి కట్టని గదిలోకి ఈడ్చి మంచం కిందికి తోసింది. తమ్ముడు ఊపిరి పీల్చుకుని జీపెక్కాడు. భర్త హిందీ పేపర్లు వేయడానికి వెళ్లాడు. ఆమెకి మాత్రం ఒకచోట కాలు నిలవలేదు. పప్పులో ఉప్పు వేసిందో లేదో గుర్తులేక మళ్లీ వేసింది. వీధి చివరిదాకా వెళ్లి చూసి వచ్చింది. కూతురు కనపడలేదు. తోడబుట్టినవాణ్ణి కాపాడానని ఎంత సర్దిచెప్పుకున్నా మనసు కుదుటపడలేదు.

అంతలో పక్కింటి రమణమ్మ చేటతో బియ్యం ఏరుకుంటూ వచ్చి కూర్చుంది. ఆమె భర్త ధర్మయ్య ఆ ఫౌండ్రీలోనే అచ్చుల్లో కరిగిన ఇనుము పోస్తాడు.

"వొదినా, మా మరిది చీపురుపల్లిలో పని మానీసాడు. పెళ్ళాం పిల్లల్తో ఈ సాయంత్రం రైలుకి దిగుతన్నాడు. మీ తమ్ముడుగారు పన్లో ఎట్టుకుంటానని మాటిచ్చీసారు. ఎంత మంచోరో!"

"ఎప్పుడిచ్చాడు మాట?" అడిగింది సూర్యావతి.

"మొన్నే. మావోడు ఆరి ఇంటికెళ్లి అడిగితే."

సూర్యావతి రమణమ్మ మొహంలోకి చూసింది. కనకలత పుట్టినప్పుడు తను జ్వరంతో పడుంటే, నెల రోజులు తన బిడ్డతో పాటు ఆ పిల్లకీ పాలిచ్చింది ఈ రమణమ్మే.

"రమణా, ఆళ్లని రావద్దని తంతి కొట్టించు."

"రైలెక్కీసారు గదా వొదినా. ఏటయ్యింది?"

ఇంక దాచలేక సూర్యావతి అంతా చెప్పేసింది. రమణమ్మ చేట కింద పెట్టింది. ఏడవలేదు, తిట్టలేదు. "మీకెప్పుడు తెలిసింది?" అని మాత్రం అడిగింది.

"పొద్దున్నే."

"మరి నేనొచ్చేదాకా చెప్పలేదేటి వొదినా?" ఆమె బియ్యం అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

అప్పలసూరి తిరిగి వచ్చేసరికి భార్య కట్టని గుమ్మం దాకా ఈడ్చుకొచ్చి ఉంది.

"ఏటిది? మీ తమ్ముడు..."

"నా తమ్ముడే. అందుకే నేను పట్టుకెళ్తాను."

అతను వంగి, కట్ట రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి మోపెడ్ మీదికెక్కించారు.

ఫౌండ్రీ ఎదుట టీ బడ్డీ కింద కనకలత తడిసిపోయి నిలబడి ఉంది. పనివాళ్లకి చెబుదామని గేటు దాకా వెళ్లడం, లోపలికి అడుగు పెట్టలేక వెనక్కి రావడం, పొద్దున్నుంచీ అదే పని. తల్లి ఆమెకి తన కొంగు అందించి, తల తుడుచుకోమని చెప్పి, భర్తని కట్టతో బయటే ఉంచి, తిన్నగా తమ్ముడి ఆఫీసులోకి నడిచింది.

"ధర్మయ్య తమ్ముడికి మాటిచ్చావట?"

గురునాథరావు తల వంచుకున్నాడు. "లేదని చెప్పడానికి నోరు రాలేదక్కా."

"ఇప్పుడు తెచ్చుకో. కట్ట బయటుంది. పేపర్లో చూసి తెలుసుకుంటే నువ్వాళ్లకి దొంగవి. నీ నోటితో చెప్తే, తిట్టినా మనిషివే అంటారు. నువ్వు చెప్పేదాకా తాడు విప్పం."

"రాళ్లేస్తారక్కా."

"నీ పక్కనే నిలబడతాను. నాకూ తగలనీ."

అతను చాలాసేపు కిటికీ దగ్గరికీ కుర్చీకీ తిరిగాడు. చివరికి తలుపు తీసుకుని షెడ్డులోకి వెళ్లి, అందరినీ పిలిచి, అక్క పక్కన నిలబడగా చెప్పాడు. రాళ్లు పడలేదు. కేకలు, బూతులు పడ్డాయి. ధర్మయ్య మాత్రం కేక వేయలేదు. "ముందే చెప్తే మావోణ్ణి ఆపీసేవోణ్ణి గదా బాబూ" అన్నాడు. ఆ మాటకి గురునాథరావు అందరి ముందూ మొహం కప్పుకుని ఏడ్చాడు. బయట అప్పలసూరి కట్ట తాడు విప్పాడు.

మర్నాడు సంతకాలు జరగలేదు. పనివాళ్లు గేటు దగ్గర కూర్చున్నారు. కొన్నాళ్లకి, వాళ్లలో సగం మందికి రాయపూర్‌లో పని ఇస్తానని సేఠ్ ఒప్పుకున్నాకే బేరం కుదిరింది. గురునాథరావుకి అనుకున్నంత మిగల్లేదు. ఆ రోజులన్నీ రమణమ్మ సూర్యావతి గుమ్మం తొక్కలేదు.

బేరం కుదిరిన వార్త పేపర్లో వచ్చిన పొద్దున్న గురునాథరావు నడుచుకుంటూ వచ్చి వరండాలో కూర్చున్నాడు. "ఏటి రాసావో తెలుగులో చదువు గుంటా" అన్నాడు మేనకోడలితో.

కనకలత తడబడుతూ చదివింది. యజమానే స్వయంగా కార్మికులకి విషయం చెప్పాడన్న వాక్యం దగ్గర ఆగి, అతని మొహంలోకి చూసింది. అతను లేచి ఆమె తల మీద చేయి వేశాడు.

"టీ పెడతానుండు" అంది సూర్యావతి.

"వద్దక్కా. దుర్గ్‌లో ఒక ఫౌండ్రీ వాళ్లకి మనిషి కావాలట. ధర్మయ్య తమ్ముణ్ణి తీసుకెళ్లాలి."

అతను పక్కింటి ముందు నిలబడి "ధర్మయ్యా, మీ తమ్ముణ్ణి రమ్మను" అని పిలిచాడు. తలుపు తీసింది రమణమ్మ. అతని మాట విని, తల తిప్పి వరండాలో ఉన్న సూర్యావతి వైపు చూసింది. ఆ చూపులో కోపం పూర్తిగా పోలేదు. అయినా "వొదినా, ఆళ్లొచ్చేదాకా మా మరిది పిల్లల్ని కాస్త చూస్తావేటి?" అంది.

సూర్యావతి కళ్లు తుడుచుకుంటూనే మెట్లు దిగింది.