ఎడమ చక్రం దగ్గర ముడి

మద్రాసు దగ్గరి రేస్ ట్రాక్‌లో సామేలు కారు ఇసుక బస్తాల గోడను గుద్దినప్పుడు దాని వేగం గంటకు నూట డెబ్బై కిలోమీటర్లు. అంబులెన్స్ చేరేసరికి సామేలు లేడు. ఎంక్వైరీ రిపోర్టు రెండు ముక్కల్లో తేల్చేసింది: బ్రేకులు వేడెక్కి పనిచేయలేదు. వాటికి గాలి తెచ్చే డక్టు సరైంది కాదు.

ఆ డక్టును ఎంచి బిగించింది గూఢచారి శాఖ ఏజెంట్ గోపాల్ రావు. సామేలు అతని ప్రాణ స్నేహితుడు. ఆ రోజు నుంచి గోపాల్ రావుకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు.

పందొమ్మిదో రోజున హైదరాబాద్ నుంచి చీఫ్ కబురు పెట్టాడు. 1989 ఫిబ్రవరి.

"బ్రేకుల గురించి నీకేం తెలుసు?" అన్నాడు చీఫ్, ఫైల్లోంచి తలెత్తకుండానే.

"తొక్కితే ఆగుతాయి సర్."

"సామేలు కూడా తొక్కాడు."

చీఫ్ ఫైలు మూసి అసలు విషయానికి వచ్చాడు. శాస్త్రవేత్త సుధాకర్ రావు యుద్ధవిమానాల చక్రాల కోసం నల్లటి కార్బన్ బ్రేక్ డిస్క్ తయారుచేశాడు. దాని మీద ఒక విదేశీ ముఠా కన్ను పడింది. వాళ్లకు డిస్క్ కావాలి, దాన్ని తయారుచేసిన మనిషి మాత్రం బతకకూడదు. సామేలు నడిపిన కారులో ఉన్నది ఆ డిస్కే. ఆ రోజు సుధాకర్ రావు పక్క సీట్లో ఉండాల్సింది, జ్వరం వచ్చి ఆగిపోయాడు. ఇప్పుడు చివరి ట్రయల్ మిగిలింది. స్పోర్ట్స్ కారుకు డిస్కులు బిగించి పదిసార్లు గట్టిగా బ్రేక్ వేయాలి. డ్రైవర్ గోపాల్ రావు. పక్కన సుధాకర్ రావు, మీటర్లు చదువుతూ.

ఎక్కడ అంటే, దేశంలో ఉన్న నాలుగు ట్రాకుల మీదా ముఠా నిఘా ఉందట. అందుకని కోరుట్ల, మేడిపల్లి మధ్య తారు రోడ్డు. ఎప్పుడు అంటే, నక్సలైట్ అన్నలు పిలిచిన బంద్ రోజు. ఆ రోజు బస్సు తిరగదు, లారీ తిరగదు, రోడ్డు ఖాళీ.

"బంద్‌లో బండి తీస్తే తగలబెడతారు సర్."

"పొద్దున ఏడింటికి మొదలుపెట్టు. వాళ్లు మీ దాకా వచ్చేలోపు ముగించు. కోడ్ వర్డ్ 'పోగు తెగింది'. అది వినబడితే ట్రయల్ రద్దు, కారణం అడగొద్దు."

అసిస్టెంటుగా ప్రమీలను పంపారు. నల్ల కళ్లద్దాలు, మెడలో కెమెరా, బొంబాయి కార్ల పత్రిక రిపోర్టర్‌గా వేషం. ఆమె నడుస్తుంటే కోరుట్లలో సైకిళ్లు ఆగిపోయాయి. గోపాల్ రావుది పసుపు బేరగాడి వేషం: పెరిగిన గడ్డం, మాసిన ధోవతి. అతని సొంతూరు మేడిపల్లే. కానీ ఆ రోజుల్లో దొరల ఇళ్లవాళ్లు సొంతూరికి కూడా వేషం వేసుకునే రావాల్సి వచ్చేది.

కోరుట్ల శివారులో మూతబడ్డ రైస్ మిల్లులో కారును దాచారు. తెల్లటి టూ సీటర్, ముట్టుకుంటే మాసిపోయేలా ఉంది. ప్రమీల తెచ్చిన సామాన్లన్నీ గోనెపట్టా మీద పరిచి ఉన్నాయి: వెనక బిగించే రెక్క, ముందు బంపర్ కింద వేలాడే ఎయిర్ డ్యామ్, విదేశీ రబ్బరు డక్టులు.

ప్రమీల మూడూ బిగించమంది. ఎయిర్ డ్యామ్ ఉంటే కారు కిందికి గాలి దూరదు, మూతి నేలకు అతుక్కుని పోతుందని లెక్చర్ ఇచ్చింది. గోపాల్ రావు దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. బిగిస్తే నేలకు నాలుగు వేళ్ల ఎత్తున ఉంటుంది. ట్రాక్ మీదైతే సరే. ఈ రోడ్డు పక్క మన్నులో ఎక్కడైనా గుచ్చుకుంటే కారు పల్టీ కొడుతుంది. రెక్క చాలన్నాడు. ప్రమీల మొహం చిట్లించింది.

బ్రేకుల దగ్గర సుధాకర్ రావే కల్పించుకున్నాడు. "నా డిస్క్ ఎంత ఎర్రబడ్డా తట్టుకుంటది. పక్కనున్న బ్రేక్ ఆయిల్ తట్టుకోదు. ఆయిల్ మరిగితే పెడల్ తొక్కినా గాలినే తొక్కినట్టు. గాలి ఆగకుండ రావాలె, గంతే."

రబ్బరు డక్టులు వద్దన్నాడు గోపాల్ రావు. సామేలు తర్వాత, తన కళ్లముందు తయారు కాని వస్తువును నమ్మే ధైర్యం అతనికి లేదు. డక్టు కోసం సిరిసిల్ల నుంచి మార్కండేయులును పిలిపించాడు. నలభై ఏళ్లుగా మగ్గం తప్ప మరో లోకం తెలియని మనిషి. ఆయన ఇనుప తీగను చుట్టలా తిప్పి, దాని మీద రెండు వరసల గుడ్డ కుట్టి, వార్నిష్ పూసి ఆరబెట్టాడు. చేయంత లావు గొట్టాలు రెండు తయారయ్యాయి. బంపర్ దగ్గర గాలి మింగే మూతి, చక్రం దగ్గర గాలి కక్కే మూతి. రెండు చివరలా పేనిన నూలు దారంతో కట్టి ముడి వేశాడు. ముడి చూడబోతే నువ్వు గింజంత.

"తెగిన పోగుకు గిట్లనే ఏస్తం సారూ. ముడి పెద్దగైతే మగ్గం పన్నెల, గా దువ్వెన పండ్ల సందుల పట్టది, బట్ట కరాబైతది" అన్నాడు.

పక్కనే ఉన్న ప్రమీల నవ్వి, తనదీ సిరిసిల్లేననీ, తన తాత మగ్గం నేసేవాడనీ చెప్పింది. మార్కండేయులు సంబరపడి ఏ వాడ అని అడిగాడు. ఆమె కెమెరాలో రీలు మార్చే పనిలో పడింది.

గాలి దారి చూడటానికి సుధాకర్ రావు ఎర్రటి నూలు పోగులు తెప్పించి, జానెడు ముక్కలుగా కారంతా అంటించాడు. కారు ఎనభైలో పోతుంటే పోగు వెనక్కి పడుకుంటే గాలి సాఫీగా పోతున్నట్టు, ఎగిరెగిరి పడితే సుడి తిరుగుతున్నట్టు. మార్కండేయులుకు ఏరోడైనమిక్స్ అంటే ఏమిటో తెలియదు. కానీ కారు ఒక్కసారి ముందునుంచి పోగానే వేలు చూపించాడు. "నడుమ పెట్టిన మూతి గాలి తాగుతలేదు సారూ. గక్కడ పోగు మొకం తిప్పింది." మూతిని బంపర్ మూలకు మార్చారు. ఈసారి పోగు తిన్నగా లోపలికి దూరింది. సుధాకర్ రావు ఆయన్ని తన ల్యాబులో చేరమని అడిగాడు. మగ్గం ఎవరు నడుపుతారని ఆయన ఎదురు అడిగాడు.

బంద్ రోజు పొద్దున్న. రోడ్డు మీద కుక్క కూడా లేదు. ఎటు చూసినా పసుపు ఉడకబెడుతున్న పొయ్యిల పొగ. దూరంగా ఎక్కడో కేకలు వినిపించాయి, చెట్టు కొడుతున్న చప్పుడు వినిపించింది. గోపాల్ రావు స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేస్తున్నాడు. మాటిమాటికీ అద్దంలోకి చూస్తున్నాడు.

మొదటి కిలోమీటరు రాయికి బాగా ముందునుంచి పదో రాయి దాకా దారి. ప్రతి రాయి దగ్గరా నూట యాభై నుంచి సున్నాకు రావాలి. పదో రాయి పక్కనే మూల మలుపు, దానవతల నిండుగా పారుతున్న పెద్ద కాలువ. కాలువ గట్టు మీద ఇద్దరు జాలర్లు వలలు పట్టుకుని కూర్చున్నారు. అంత వడిగా పారే నీళ్లలో వల ఎవడు వేస్తాడని గోపాల్ రావుకు అనుమానం రావాల్సింది. రాలేదు. అతని బుర్ర నిండా సామేలే ఉన్నాడు.

పోగుల తీరు చెప్పడానికి మార్కండేయులు వాకీటాకీతో ఎనిమిదో రాయి దగ్గర కూర్చున్నాడు. కోడ్ వర్డ్ ఆయనకూ చెప్పి ఉంచారు. ఇంకో వాకీటాకీ బయలుదేరే చోట జీపులో ఉన్న ప్రమీల చేతిలో, మూడోది కారులో ఉన్నాయి. బయలుదేరే ముందు ఆమె కారు ముందు మోకాళ్ల మీద కూర్చుని క్లోజప్ ఫోటోలు తీసింది. చాలా ఓపిగ్గా తీసింది.

ఒకటి. రెండు. మూడు. కారు ఉరుకుతోంది, ఆగుతోంది. ఆరో రాయి దగ్గర పెడల్ కాస్త మెత్తబడినట్టు తోచింది. తన భయమేమో అనుకున్నాడు గోపాల్ రావు. ఎనిమిదో రాయి దగ్గర కారు మార్కండేయులు ముందే ఆగింది. ఆయన వంగి ఎడమ మూతి వైపు చూశాడు. పోగు లోపలికి దూరకుండా బయటికి వేలాడుతోంది. దాని వెనక, తన ముడి ఉండాల్సిన చోట, చింతపిక్కంత ముడి ఉంది. అది మిఠాయి పొట్లానికి వేసే ముడి.

ఆయన నోరు తెరిచేలోపే కారు వెళ్లిపోయింది. వాకీటాకీ మీట ఆయన వేళ్లకు వెంటనే దొరకలేదు. తొమ్మిదో రాయి దగ్గర పెడల్ సగం దాకా దిగి, కారు ఎలాగో ఆగింది. సుధాకర్ రావు మీటర్ల మీద నుంచి తలెత్తకుండా ఇంకొక్కటే అన్నాడు. గోపాల్ రావు యాక్సిలరేటర్ తొక్కాడు. వంద. నూట ముప్పై. నూట యాభై.

వాకీటాకీ గరగరలాడింది. "సారూ, పోగు తెగింది. ఎడమ ముడి నాది గాదు. మా ఇంట్ల కండ్లు కనవడని ముసలవ్వ గూడ గిట్ల ముడి ఎయ్యది."

గోపాల్ రావు బ్రేక్ తొక్కాడు. పెడల్ అడుగుకు తగిలింది. కింద ఏమీ లేదు. ఆ క్షణంలో సామేలు కాలికింద ఏం జరిగిందో అతనికి తెలిసిపోయింది.

మలుపు, కాలువ, జాలర్లు మీదికి వచ్చేస్తున్నారు. గేరు నాలుగు నుంచి మూడు. మూడు నుంచి రెండు. ఇంజన్ గీపెట్టింది. చేతి బ్రేక్ లాగి, స్టీరింగ్ ఎడమకు కోసి, కారును రోడ్డు దించేశాడు. నేలకు నాలుగు వేళ్ల ఎత్తున ఏదీ లేదు కాబట్టి మూతి మన్నులో గుచ్చుకోలేదు. కారు మడి గట్టు దాటి, బురదమడిలో పొట్ట మీద జారుతూ పోయి ఆగింది. ముందు చక్రం నుంచి కాలువకు మూడు గజాలు.

సుధాకర్ రావు కళ్లద్దాల మీది బురద తుడుచుకుని, ఒంటి మీద చేయి వేసుకుని చూసుకున్నాడు. బతికే ఉన్నాడు. "డిస్కులకేం కాలే" అన్నాడు.

మడి గల పోచవ్వ కొంగు నడుముకు చెక్కుకుని వచ్చింది. నాటేసి పది దినాలు కాలేదనీ, రోడ్డంత రోడ్డు పెట్టుకుని తన మడే దొరికిందా అనీ తిట్టడం మొదలుపెట్టింది. జాలర్లిద్దరూ మెల్లగా జారుకోబోయారు. ఆమె వాళ్లనూ వదల్లేదు, మడిలోంచి నడవొద్దని కొడవలి చూపించి గట్టు మీదే నిలబెట్టింది. తర్వాత వాళ్ల చేపల బుట్టలో పోలీసులకు చేపలు కాదు, చక్రాలు విప్పే పానాలు దొరికాయి.

మార్కండేయులు రొప్పుకుంటూ వచ్చి ఆ పొట్లం ముడి విప్పాడు. గొట్టంలోంచి పసుపుపచ్చ స్పాంజి ముద్ద బయటపడింది. గోపాల్ రావు దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. సామేలు కారులోనూ ఇదే రంగు ముద్ద కరిగి అంటుకుని ఉంది. సీటుదేమో అనుకున్నారు అందరూ, తను కూడా. ఆ కారుకు చివరిసారి ఫోటోలు తీసింది కూడా ప్రమీలే. తను ఎంచిన డక్టులో తప్పు లేదు. గోపాల్ రావు బురదలోనే కూర్చుని ఏడ్చాడు. అతన్ని ఎవరూ ఆపలేదు.

వాకీటాకీలో ఆ మాట ప్రమీల కూడా విన్నది. జీపు తిప్పి కోరుట్ల వైపు దౌడు తీసింది. ఊరి మొదట్లో రోడ్డుకడ్డంగా తుమ్మ మొద్దులు పడి ఉన్నాయి. ప్రెస్ కార్డు చూపించింది, నవ్వింది, కళ్లద్దాలు తీసి బతిమాలింది. అక్కడున్న వాళ్లు బంద్ అంటే బంద్ అన్నారు. రెండు దేశాల గూఢచారి శాఖలను మోసం చేసిన మనిషి, జగిత్యాల పోలీసులు వచ్చేదాకా జీపు బానెట్ మీద కూర్చోవాల్సి వచ్చింది.

కారును మిల్లుకు చేర్చాలి. పోచవ్వ ఇంటి నుంచి రెండు ఎద్దులు వచ్చాయి. గోపాల్ రావు తాడు కడుతుంటే మార్కండేయులు ఆగమన్నాడు. ముందు డక్టుకు తన ముడి వేయాలట.

"బండికి బ్రేకులే లేవు గదనే అన్నా, గిప్పుడు ముడి ఎందుకు?"

"గిట్ల ఇడిసిపెట్టింది ఊర్లె ఎవలన్న చూస్తే నా ముడే ఊడిందనుకుంటరు సారూ. మా సిరిసిల్ల ఇజ్జత్ ఏం గావాలె?"

నువ్వు గింజంత ముడి పడింది. తుమ్మ మొద్దుల దగ్గర బంద్‌వాళ్లు ఎడ్లకు అడ్డు చెప్పలేదు, పక్కకు జరిగి దారి ఇచ్చారు. గంటకు రెండు వందల కిలోమీటర్లు పరుగెత్తగల స్పోర్ట్స్ కారు, రెక్క పైకెత్తుకుని, మధ్యాహ్నానికి మిల్లు చేరింది. ఈసారి బ్రేకులు వేడెక్కలేదు.