ముందే చెప్పిన సాక్ష్యం

మైకు ఏలీషా చేతికి రాకపోయి ఉంటే ఆ ఆదివారం ఏ గొడవా లేకుండా గడిచిపోయేది.

సూర్యాపేట మార్కెట్ యార్డు వెనక, రేకుల షెడ్డులో నడిచే చిన్న చర్చి అది. బయట వాన. రేకుల మీద చినుకుల మోత. ఆరాధన మధ్యలో పాస్టరు గారు ఎప్పటిలాగే, "సాక్ష్యం చెప్పేవాళ్లుంటే లేవండి" అన్నారు. దేవుడు చేసిన మేలును అందరి ముందూ చెప్పుకోవడం అక్కడ ప్రతి వారం ఉన్నదే. కొడుక్కి జ్వరం తగ్గిందని ఒకామె చెప్పింది. బోరులో నీళ్లు పడ్డాయని ఒకాయన చెప్పాడు. ఆ తర్వాత ప్యాడ్స్ వాయించే ఏలీషా లేచాడు.

"అందరికీ వందనాలు. పోయినవారం అయ్యగారు వాక్యంల చెప్పిండ్రు, అడిగింది దొరికిందని నమ్మి, దొరకకముందే స్తోత్రం చెప్పాలని. నేను గూడ ముందే చెప్తున్న. దేవుడు నాకు ఈ సంఘంలనే జీవిత భాగస్వామిని ఇచ్చిండు. మనీషాను ఇచ్చిండు. ప్రైజ్ ద లార్డ్!"

చప్పట్లు. హల్లెలూయాలు. ఎవరో విజిల్ వేయబోయి ఆగారు.

ఆ సందట్లో చివరి వరసలో ఒకాయన లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్నాడు. వానలోకి నడిచి వెళ్లిపోయాడు.

ఏలీషా అది చూడలేదు. నవ్వుతూ ఉన్నాడు.

ప్రార్థన ముగియగానే మనీషా అతన్ని షెడ్డు పక్క సందులోకి పిలిచింది. చున్నీ సగం తడిసింది. కళ్లు మాత్రం నిప్పుల్లా ఉన్నాయి.

"ఎవలిచ్చిండ్రు నన్ను నీకు?"

"అంటే... దేవుడు..."

"నాకైతే ఏం చెప్పలే. నాకు చెప్పకుండ నీకొక్కనికే చెప్పిండా? నీ దగ్గర స్పెషల్ నంబర్ ఉందా?"

"విశ్వాసంతోని చెప్పిన మనీషా. అయ్యగారే గద..."

"అయ్యగారు స్తోత్రం చెప్పమన్నరు. పక్కోళ్లను ఇరికియ్యమన్లే."

నిజానికి మనీషా అతనికి ఏ మాటా ఇవ్వలేదు. కోదాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె స్టాఫ్ నర్సు. అతను మిర్యాలగూడ రైస్‌మిల్లులో మిషన్ ఆపరేటర్. ఇద్దరూ సూర్యాపేట బస్టాండులో చెరో బస్సు కోసం నిలబడి మాట్లాడుకునే రోజుల్లో, ఈస్టర్ తర్వాత ఒకనాడు అడిగేశాడు. "ప్రార్థన చేస్తున్న. జర ఆగు" అంది ఆమె. అంతే. అవుననీ కాదు, కాదనీ కాదు.

ఆ "జర ఆగు" ఏలీషాకు అరగలేదు. సూచనలు వెతకడం మొదలుపెట్టాడు. ఏలీషా, మనీషా - పేర్లు కలిశాయి, ఒక సూచన. 'ఈమే అయితే తనే ముందు ఫోన్ చెయ్యాలి ప్రభువా' అని మొక్కుకున్నాడు. సాయంత్రానికి ఫోను వచ్చింది. యూత్ మీటింగుకు ఇచ్చిన కుర్చీలు ఎప్పుడు తిరిగి తెస్తావని అడగడానికి చేసింది. అయినా సూచన సూచనే అనుకున్నాడు.

"ఆఖరు కుర్చీల ఎవరు కూసున్నరో సూసినవా?" మనీషా గొంతు తగ్గింది.

"లే."

"మా నాయిన."

ఏలీషా రోడ్డు వైపు తిరిగి చూశాడు.

హరిలాల్ సంగతి సంఘంలో అందరికీ తెలుసు. లారీ డ్రైవరు. భార్యనీ బిడ్డనీ ప్రతి ఆదివారం బండి మీద తెచ్చి దింపుతాడు. ఆరాధన అయ్యేదాకా ఎదుటి టీకొట్టు బల్ల మీద కూర్చుంటాడు. గుమ్మం తొక్కడు.

"ఇంటర్ల ఉన్నప్పటిసంది ఆయన కోసం ప్రార్థన చేస్తున్న. ఒక్కనాడు గూడ లోపలికి రా అనలే. ఎదురుచూసిన. ఇయ్యాల వానకు తడుస్తనని లోపలికొచ్చిండు. అన్నది వాన అని గని, వాన కాదని నాకు తెల్సు." తడిసిన చున్నీ కొసను పిండుకుంది. "నీ సాక్ష్యం ఇన్నడు. బండి తీసుకొని పోయిండు. మా అమ్మను గూడ ఎక్కించుకోలే."

"నేనొచ్చి మాట్లాడ్త..."

"వద్దు! ఆగు అంటే ఆగనోనివి, నువ్వేం మాట్లాడ్తవ్? నాతోని గూడ మాట్లాడకు."

సరిగ్గా అప్పుడే కరుణమ్మ సందులోకి తొంగిచూసింది. సంఘంలో అందరి పెళ్లిళ్లూ తనవే అనుకునే మనిషి.

"ఏలీషా, మనీషా! పేర్లే కలిసినయ్ గదనే! ప్రధానం ఎప్పుడు, ఉంగరాలు ఎప్పుడు మార్చుకుంటరు బిడ్డా?"

మనీషా షెడ్డు ముందుకు నడిచి, తల్లి చెయ్యి పట్టుకుని వానలోనే ఆటో కోసం రోడ్డెక్కింది.

ఆ వారమంతా ఏలీషా ముఖం దాచుకోవడానికి చోటు లేకపోయింది. సంఘం వాట్సాప్ గ్రూపులో శుభాకాంక్షలు ఆగలేదు. ఎవరో వాళ్లిద్దరి ఫొటోలు కత్తిరించి గులాబీపువ్వు మధ్యలో అతికించి పెట్టారు. దాని కింద అరవై చేతులు జోడించిన బొమ్మలు. మనీషా కూడా ఆ గ్రూపులోనే ఉంది.

మిల్లులో శ్రీనాథ్ భుజం చరిచాడు. "మామా, పార్టీ ఎప్పుడు?"

"ఏం లేదురా."

"సిగ్గా?"

సిగ్గే. కానీ శ్రీనాథ్ అనుకున్న సిగ్గు కాదు.

మధ్యాహ్నం మేనేజరు ఫోను చేసి, కొత్తగా వచ్చిన లారీ వడ్లు వెంటనే ఆడించమన్నాడు. ఏలీషా గుప్పెడు తీసి నలిపాడు. "తేమ మస్తుంది సార్. ఇప్పుడు పోస్తే అన్నీ నూకలయితయ్. ఆరేదాక ఆగాలె" అన్నాడు. ఫోను పెట్టేశాక తన మాట తనకే చెవిలో గింగురుమంది. వడ్లకు ఆగగలడు. మనిషికి ఆగలేకపోయాడు.

మోకాళ్లూనితే ప్రార్థన రాలేదు. 'ప్రభువా' అనబోతే, ఆ పేరును తను మైకులో ఎలా వాడుకున్నాడో గుర్తొచ్చేది.

శనివారం పాస్టరు గారింటికి వెళ్లి అంతా చెప్పాడు.

"నేను గూడ ఆ వాక్యం సగమే చెప్పి వదిలేసిన్నేమో బిడ్డా" అన్నారు ఆయన. "నమ్మకం దేవుని మీద పెట్టాలె. నువ్వు కోరుకున్న జవాబు మీద గాదు. జవాబు మీద పెట్టుకుంటే, అది ఆలస్యమైతే మనమే తయారుజేసుకుంటం."

"ఇప్పుడేం చెయ్యాలె అయ్యగారూ?"

"అందరి ముందు చేసినవ్. దిద్దుకునుడు గూడ అందరి ముందే."

ఆదివారం వాన లేదు. రేకుల మోత కూడా లేదు. దాక్కోవడానికి శబ్దమన్నదే లేదు. ఏలీషా మైకు పట్టుకున్నాడు. కరుణమ్మ ముందుగానే చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకుంది.

"పోయినవారం నేను చెప్పింది సాక్ష్యం గాదు. అబద్ధం. దేవుడు నాకు ఏం చెప్పలే. నాకు ఓపిక లేక ఆయన పేరు పెట్టుకున్న. మనీషా నాకు ఏ మాటా ఇయ్యలే. ఆమెనెవరూ ఏం అడగొద్దు, ఏం అనొద్దు. తప్పు నాది. క్షమించుండ్రి."

ఎవరూ హల్లెలూయా అనలేదు. కరుణమ్మ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. "ఇది గూడ సాక్ష్యమేనా?" అని ఆమె పక్కామెను అడగడం షెడ్డంతా వినబడింది. చిన్నపిల్లలు కిసుక్కుమన్నారు.

తర్వాతి పాటకు ఏలీషా తాళం తప్పాడు. మనీషా తలెత్తలేదు. ఎదుటి టీకొట్టు బల్ల ఖాళీగా ఉంది.

సోమవారం డ్యూటీకి సెలవు పెట్టి కోదాడ బస్సెక్కాడు. హరిలాల్ సిమెంటు లోడుతో వెళ్తూ ఆగే హోటలు బైపాసు మీద ఉంది. కౌంటరులో ఉన్నాయన, "హరిలాలా? అదిగోనండీ, బండి కింద దూరి ఉన్నాడు" అని చూపించాడు.

లారీ కింద నుంచి రెండు కాళ్లు కనబడుతున్నాయి. ఏలీషా ఆ కాళ్లకే వందనాలు చెప్పాడు.

హరిలాల్ బయటికి వచ్చాడు. చేతుల నిండా గ్రీజు. "నువ్వా? ఆ డప్పులోనివి."

"ప్యాడ్స్ అంకుల్."

"ఏదైతేంది, కొట్టుడే గద. ఏం గావాలె?"

"తప్పు చేసిన అంకుల్. మీ బిడ్డ నాకు ఏ మాటా ఇయ్యలే. ఆమె మీద కోపం పెట్టుకోకుండ్రి."

"దేవుడిచ్చిండంటివి గద?"

"ఇయ్యలే. నేనే ఇచ్చుకున్న."

హరిలాల్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "మా తండాల పిల్లనడగాలంటే పెద్దమనుషులొస్తరు. కూసుంటరు. రెండు పూటలు మాట్లాడ్తరు. మీ చర్చిల మైకుల చెప్పేసుడేనా?"

"మా దగ్గర గూడ అట్ల చెయ్యరు. నేనొక్కన్నే చేసిన."

హరిలాల్‌కు నవ్వొచ్చినట్టయింది. కానీ నవ్వలేదు.

"ఇను. నా బిడ్డ ఏండ్ల సంది నా కోసం మోకాళ్ల మీద ఉంటది. తలుపు ఇవతల నిలబడి ఇంటుంట. ఒక్కనాడు నన్ను చెయ్యి పట్టి గుంజలే. ఇంత ఓపిక దీనికి ఎక్కడిదో సూద్దామనే లోపలికొచ్చిన. వచ్చిన్నాడే నువ్వు లేసినవ్. ఓహో, వీళ్లు గూడ గుంజుకునేటోళ్లే అనుకున్న."

ఆ మాట ఏలీషాకు నేరుగా గుండెల్లో తగిలింది. హైవే మీద బస్సులు హోరుమని పోతున్నాయి. తల ఎత్తలేకపోయాడు.

"నన్ను సూసి పోకుండ్రి అంకుల్. ఆమెను సూసి రాండ్రి."

హరిలాల్ మళ్లీ లారీ కిందికి దూరాడు. కాసేపటికి ఒక చెయ్యి బయటికొచ్చింది. "ఉత్తగ నిలబడ్తవేంది? ఆ పద్నాలుగు నంబరు పానా ఇటియ్యి."

ఏలీషా ఇచ్చాడు. పొద్దువంగేదాకా పానాలు అందిస్తూనే ఉన్నాడు. ఆ సంగతి మళ్లీ ఇద్దరూ ఎత్తలేదు.

వానలు ముదిరాయి, వెనకబట్టాయి. కొత్త వడ్లు మిల్లులకు రావడం మొదలైంది. ఏలీషా మనీషాకు ఫోను చేయలేదు, మెసేజ్ పెట్టలేదు. బస్టాండులో కనబడితే దూరంగా నిలబడేవాడు. సూచనలు అడగడం మానేశాడు. కొన్ని రోజులు ప్రార్థన తేలిగ్గా వచ్చేది. కొన్ని రోజులు, దేవుడు తన ఫైలు అడుగున పెట్టి మరిచిపోయాడేమో అనిపించేది. అలాంటి రోజుల్లో కూడా మోకాళ్లూని, "ఆమెకు మేలు చెయ్యి. నాకు ఆగే బలమియ్యి" అనేవాడు. లేచేవాడు. మిల్లుకు పోయేవాడు.

హరిలాల్ మళ్లీ టీకొట్టు బల్ల మీదికి వచ్చాడు. ఇంకొన్ని వారాలకు గుమ్మం పక్కన స్తంభం దగ్గరికి. ఒక ఆదివారం, ఎవరూ పిలవకుండానే, లోపలికి వచ్చి కూర్చున్నాడు. కరుణమ్మ ఆనందం పట్టలేక స్వాగతం చెప్పడానికి లేవబోయింది. ఏలీషా అది చూసి పాట వేగం అమాంతం పెంచేశాడు. సంఘమంతా చప్పట్లందుకుంది. పాపం, కరుణమ్మ కూడా లేచినచోటే నిలబడి చప్పట్లు కొట్టక తప్పలేదు. హరిలాల్‌ను ఎవరూ ఇబ్బంది పెట్టలేదు.

మనీషా ఆ రోజు తలెత్తి ప్యాడ్స్ వైపు చూసింది.

మర్నాడు పొద్దున బస్టాండులో సన్నటి జల్లు. ఏలీషా ఎప్పటిలాగే చివరి ప్లాట్‌ఫారం దగ్గర నిలబడ్డాడు. మనీషా నేరుగా అతని దగ్గరికే వచ్చింది.

"మాట్లాడవా?"

"మాట్లాడకన్నవ్ గద."

"అప్పుడెప్పుడో అన్న. ఇన్ని నెలలా?"

"మళ్ల మాట్లాడమని నువ్వు చెప్పలే."

మనీషా నవ్వు ఆపుకోవడానికి కోదాడ బోర్డు వైపు తిరిగింది. తిరిగి చూసేసరికి నవ్వు లేదు.

"ఒకటి చెప్త, బాధపడొద్దు. నువ్వు మైకు పట్టుకున్న రోజు... ప్రార్థన అయినంక నీకు ఊ అని చెప్దామనే వచ్చిన నేను."

ఏలీషా రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అయ్యో దేవా..."

"ఆఖరు పాట అయ్యేదాక ఆగి ఉంటే అయిపోయేది."

"ఇంక చెప్పకు మనీషా. సచ్చిపోత."

"సావకు. వినాల్సింది ఇంకుంది." ఆమె గొంతు మెత్తబడింది. "అప్పుడు చెప్తే, ఏ మనిషికి చెప్పేదాన్నో నాకే తెల్వకపోయేది. నువ్వు తప్పు ఒప్పుకున్నప్పుడు నా కోపం సగం పోయింది. నిన్న కరుణమ్మత్తను మా నాయిన దగ్గరికి పోనియ్యకుండ పాట పెంచినవ్ సూడు, అప్పుడు మిగిలింది పోయింది. నేను ఇప్పుడంటున్న. ఊ."

జల్లు ముఖం మీద పడుతున్నా ఏలీషా తుడుచుకోలేదు.

"మా నాయినకు చెప్పిన. పెద్దమనుషులను తోలుకొని రమ్మన్నడు. గని ఇప్పుడు గాదట. తను రమ్మన్నప్పుడే రావాలె అన్నడు. ఇంకా కొన్ని దినాలు నిన్ను సూస్తడట."

'ఎప్పుడట?' అన్న ప్రశ్న ఏలీషా నాలుక చివరిదాకా వచ్చింది. మనీషా కనురెప్ప వేయకుండా అతని నోటి వైపే చూస్తోంది.

ఏలీషా ఆ ప్రశ్నను మింగేశాడు.

"మంచిది" అన్నాడు. "సూడమను."

కోదాడ బస్సు వచ్చి ఆగింది. మనీషా ఎక్కలేదు. "ఇంకొకటి వస్తది తీ" అంటూ, తడవని బల్ల ఒకటి చూసి కూర్చుంది. పక్కన అతనికి చోటు చూపించింది.