రబ్బరు రింగు లేని కనెక్టర్

"బాగుచెయ్యి. కానీ అది పనిచెయ్యకూడదు," అన్నాడు చీఫ్ ఫోన్‌లో.

రేవు పక్క షెడ్డులో చేపలు పట్టే కయాక్ అనే తెడ్డు పడవలకు వైరింగ్ చేసే మెకానిక్ అసలు ఉద్యోగం గూఢచర్యమని చీఫ్‌కి, అతని మనుషులకి తప్ప ఎవరికీ తెలియదు. ఆ రోజు పని మాత్రం అతనికి మింగుడుపడలేదు.

నాలుగింటికి సబ్‌మెరైన్ బయలుదేరుతుంది. దాని దారిలో, నీటి అడుగున, విదేశీ ముఠా బాంబు దాచింది. చోటు ముఠా నాయకుడికొక్కడికే తెలుసు. అతను కయాక్‌లో దాని మీదికెళ్లి, చేపలను వెతికే ఫిష్ ఫైండర్‌తో సిగ్నల్ ఇస్తే బాంబుకి ప్రాణం వస్తుంది. ముందే పట్టుకుంటే నోరు విప్పడు. అందుకే వెళ్లనివ్వాలి.

మధ్యాహ్నం నాయకుడే కయాక్ తెచ్చాడు. వెంట నల్ల కళ్లద్దాల అందగత్తె. ముఠాలో ఉంటూ చీఫ్‌కి పనిచేసే డబుల్ ఏజెంట్.

"స్క్రీన్ మసకగా ఉంది," అందామె. చీఫ్ చెప్పిన కోడ్ అదే.

"ఉప్పు పట్టి ఉంటుంది," అన్నాడు మెకానిక్.

నాయకుడు కళ్లార్పకుండా చూస్తున్నాడు. మెకానిక్ బ్యాటరీ మార్చి, ఫ్యూజు వేసి, సీటు వెనక కనెక్టర్ బిగించాడు. నీళ్లు చొరకుండా లోపల వెయ్యాల్సిన రబ్బరు రింగును మాత్రం అరచేతిలోనే దాచేశాడు. చెత్త పని చెయ్యడం అతనికి చేతకాదు. స్క్రీన్ వెలిగింది. నాయకుడు తలూపి వెళ్లాడు.

మూడూ యాభై. జెట్టీ మీద మెకానిక్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉంది. చుక్క తడి పడందే షార్ట్ అవదు. బైనాక్యులర్స్‌లో కయాక్ ఆగింది. స్క్రీన్ ఇంకా వెలుగుతూనే ఉంది. నాయకుడి వేలు బటన్ వైపు కదిలింది.

నాయకుడు జెట్టీ మీద కాపలా పెట్టిన ఆమె మెకానిక్‌ని ఒక్కసారి చూసి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. చెప్పబోయే అబద్ధంతో ఇక ఆమె ముసుగు తొలగిపోయినట్టే.

"మీ వెనకే గస్తీ బోటు," అంది.

చెవిలో ఆ మాట పడగానే నాయకుడు గిరుక్కున తిరిగాడు. కయాక్ పక్కకి ఒరిగింది. సీటు వెనక్కి బుడబుడమంటూ నీళ్లొచ్చాయి. అతను బటన్ నొక్కేసరికి స్క్రీన్ చీకటి. ఈసారి గస్తీ బోటు నిజంగానే వచ్చింది. కయాక్ ఆగిన చోటే డైవర్లు దిగారు.

బేడీలతో షెడ్డు ముందు నుంచి వెళ్తూ నాయకుడు ఆగాడు. "నీ పని ఏం బాలేదు," అన్నాడు.

మెకానిక్‌కి చివుక్కుమంది. ఇన్నేళ్లలో అతనికొచ్చిన మొదటి కంప్లైంట్ అది.