బుంగమూతి ఎడమ మడ్‌గార్డు

హలో, అందరూ బాగున్నారా? నా గొంతు వినపడుతోంది కదా? పొయ్యి మీద ఏదైనా ఉంటే మంట తగ్గించి రండి, మధ్యలో లేస్తే కథ చేజారిపోతుంది. ఒక పాత పికప్ బండి గురించి చెప్తాను. బండి గొడవ మాకెందుకు అనకండి, ఇది ఇంటి గొడవే.

ఆ రోజు పొద్దున కర్టెన్లమ్మ కాఫీ గ్లాసులు పట్టుకుని ఇంటి పక్క షెడ్డులోకి వెళ్ళేసరికి, తండ్రీ కూతుళ్ళు పికప్‌కి చెరో పక్కన పుంజుల్లా నిలబడి ఉన్నారు. కర్టెన్లమ్మ అంటే ఆ ఇంటి ఇల్లాలు. కర్టెన్లు కుట్టడం ఆవిడ మానేసి ఇరవై రెండేళ్ళయింది గానీ, వీధి మాత్రం ఆ పేరు మానలేదు. భర్త టింకరింగ్ మేస్త్రి. ఎంత సొట్టపోయిన రేకునైనా సుత్తితో కొట్టి అద్దంలా తీసేవాడు. ఆయనకి ఒక పంతం ఉంది. సొట్ట మీద పుట్టీ పూసి రంగేసేవాళ్ళంటే ఒళ్ళుమంట. పుట్టీ పూసేవాడు మేస్త్రి కాదు, మోసగాడు అని షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. కూతురు ఆ మాట వింటూనే ఆయన దగ్గర పని నేర్చుకుంది.

ఆ పికప్ పేరు బుంగమూతి. బానెట్టు ఉబ్బి, ఎవరిమీదో అలిగినట్టు ఉంటుంది. నలభై ఏళ్ళ నాటి బండి. కాగితాలు కర్టెన్లమ్మ పేరు మీదే ఉన్నాయి. ఒకప్పుడు కుట్టిన కర్టెన్లు అందులో వేసుకుని, తనే నడుపుకుంటూ ఇంటింటికీ వెళ్ళి తగిలించి వచ్చేది.

పై నెలలో పాత బండ్ల ప్రదర్శన ఉంది. బుంగమూతిని తన చేత్తో మార్చి అక్కడ నిలబెట్టాలని కూతురి పట్టుదల. ఎందుకంటే ఎంత బాగా చేసినా వచ్చినవాళ్ళంతా "అదీ మేస్త్రిగారి చెయ్యంటే" అని పోయేవాళ్ళు. ఆ పిల్ల చెయ్యి ఎవరికీ కనపడేది కాదు. అందుకే నేలమీద సుద్దముక్కతో బొమ్మ గీసింది. పైకప్పు నాలుగు వేళ్ళు కిందికి దించాలి. వెనక తొట్టిలో చెక్క పలకలు పరవాలి. వెనక మడ్‌గార్డులు రెండూ కోసి వెడల్పు చెయ్యాలి.

మేస్త్రి ఒక్కొక్కటీ తూచి చూశాడు. పలకలకి సరేనన్నాడు. పైకప్పు సంగతి ఆలోచిద్దామన్నాడు. మడ్‌గార్డుల దగ్గరికొచ్చేసరికి మొహం మాడ్చుకున్నాడు. వాటి మీద రంపం పెట్టడానికి వీల్లేదన్నాడు. ఎందుకని అడిగితే చెప్పడు.

"బండి అమ్మది. అమ్మ చెప్పనీ," అంది కూతురు.

"మీ అమ్మకేం తెలుసే బండి సంగతి? ఆ ఎడమ మడ్‌గార్డుని గేటు స్తంభానికి పెట్టి గుద్దిన మహాతల్లి ఆవిడేగా."

కర్టెన్లమ్మకి ఆ మాట కొత్త కాదు. కూతురికి నాలుగేళ్ళప్పుడు ఒక ఉదయం బండి వెనక్కి తీస్తుంటే టక్కుమని చప్పుడైంది. భయంతో బండి అక్కడే వదిలేసి ఇంట్లోకి పరిగెత్తింది. కాసేపటికి భర్త వచ్చి, మడ్‌గార్డు మొత్తం పోయింది, అక్కడ పిల్ల ఉంటే ఏమయ్యేది అన్నాడు. తాళాలు ఆయన జేబులోకి వెళ్ళాయి. సాయంత్రానికల్లా మడ్‌గార్డు బాగై, రంగు కూడా పడింది. ఆ తర్వాత కర్టెన్లు చేరవెయ్యాలంటే ఆయనకి తీరిక దొరకాలి. ఆయనకి తీరిక దొరికేది కాదు. చూసి చూసి గిరాకీ జారిపోయింది. మిషన్ మీద దుప్పటి పడింది. తప్పు నాదే కదా అని ఆవిడ నోరు కుట్టేసుకుంది. కర్టెన్లు కుట్టిన చెయ్యి కదా, కుట్టు గట్టిగానే పడింది.

"అప్పుడే బాగుచేశావుగా నాన్నా, ఇంకేంటి నీ భయం?" అంటూ కూతురు జేబులోంచి అయస్కాంతం తీసి కుడి మడ్‌గార్డుకి పెట్టింది. ఠపీమని అతుక్కుంది. ఎడమదానికి పెట్టింది. జారి కింద పడింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పడింది.

 అయస్కాంతం పట్టలేదంటే కింద ఏముందో వాళ్ళ ముగ్గురికీ తెలుసు.

"పుట్టీ," అంది కూతురు.

అప్పట్లో పని ఒత్తిడి ఎక్కువగా ఉండేదని మేస్త్రి ఏదో గొణిగాడు. దాన్ని అలా వదిలెయ్యమన్నాడు.

"గీకు," అంది కర్టెన్లమ్మ.

"ఏమే, కాఫీ చల్లారిపోతోంది."

"చల్లారనీండి. నువ్వు గీకమ్మా."

పుట్టీ వేలు మందాన పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కూతురు అరచేత్తో రేకంతా తడిమింది. తడుముతూ తడుముతూ ఆగిపోయింది.

"అమ్మా, ఆ రోజు బండి ముందుకి పోనిచ్చావా, వెనక్కి తీశావా?"

"వెనక్కే. ముందు గోడేగా ఉంది."

కూతురు తల్లి చెయ్యి పట్టుకుని అంచు దగ్గర బొటనవేలంత గుంట మీద పెట్టింది. "వెనక్కొచ్చే బండికి స్తంభం తగిలితే రేకు ముందుకి నొక్కుకుంటుంది. ఇదిగో, ఇది నీది. ఇంతే." తర్వాత ఆ చేతినే పక్కనున్న మూరెడు మడత మీదికి జరిపింది. "ఇది వెనక్కి ఈడ్చుకుపోయింది. అప్పుడు బండి ముందుకి పోతోంది. ఇది నువ్వు చెయ్యలేదమ్మా."

మేస్త్రి పెయింటు డబ్బా మీద కూలబడ్డాడు. ఆ రోజు కోపంగా స్టీరింగ్ పట్టుకుని, స్తంభం చూసుకోకుండా బండి ముందుకి లాగింది తనే. ఊరందరి సొట్టలూ తీసే మేస్త్రి సొంత గేటుకి గుద్దాడంటే నవ్వుతారని సిగ్గేసింది. సుత్తితో తీస్తే నాలుగు రోజులు పడుతుంది, వీధంతా చూస్తుంది. అందుకని గబగబా పుట్టీ నింపేశాడు.

"నీ దెబ్బ మీదికి నాది తోసేశాను," అన్నాడు తల వంచుకుని. "రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఉండిపోయాను."

కర్టెన్లమ్మ ఏడవలేదు. "స్తంభానికి ఎవరి బండైనా తగులుతుందండీ. దానికి నేనేమీ అనను. నా తాళాలు తీసుకున్నారు. అది చెప్పండి నాకు."

ఆయన చెయ్యి తాళాలున్న జేబు మీదికి పోయింది. ఆ మడ్‌గార్డుని కోసి అవతల పారేద్దామంది కూతురు పళ్ళు కొరుకుతూ. తల్లి వద్దంది. నేలమీది సుద్దముక్క తీసుకుంది. ఆ షెడ్డులో సుద్దగీత ఎవరు గీస్తే కోతకి వాళ్ళదే పూచీ. గీత లేకుండా రంపం లేవదు.

"పైకప్పు కొయ్యొద్దు. పొట్టిదాన్ని, దిండేసుకుని కూర్చోవాలి. నా తల ఎక్కడ పెట్టుకోను? పలకలు మాత్రం నున్నగా ఉండాలి, బట్టకి చిల్లు పడకూడదు. మడ్‌గార్డులు నీ ఇష్టమొచ్చినంత వెడల్పు చెయ్యి," అంటూ రెండింటికీ గీతలు గీసింది. తర్వాత భర్త వైపు తిరిగింది. "కానీ ముందు ఆ మడత మీరే తియ్యాలి. సుత్తితో. పుట్టీ చుక్క పడకూడదు. నా బొటనవేలు గుంట జోలికి రావద్దు. నేను చేసింది ఎంతో కనపడాలి."

"గేటు బయటికి వినపడుతుందే."

"వినపడనీండి. గేటు తెరిచే కొట్టండి."

నాలుగు రోజులు కొట్టాడు. గేటు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. దారిన పోయేవాళ్ళు ఆగి, కర్టెన్లమ్మ గుద్దిందేనా ఇది అని అడిగారు. మొదటిరోజు మేస్త్రి తలెత్తకుండా సుత్తి కొడుతూనే ఉన్నాడు. రెండోరోజు నుంచి "కాదు, నేనే గుద్దాను" అని తనే పిలిచి మరీ చెప్పాడు. దెబ్బకి ఆనుగా రేకు వెనక ఇనుప దిమ్మ పట్టుకున్న కూతురికి, సుత్తి ఆగినప్పుడల్లా ఆయన మోచేత్తో కళ్ళు తుడుచుకోవడం కనిపించింది. నాలుగోరోజు కర్టెన్లమ్మ ఆయన పక్కన కాఫీ పెట్టి, "వేడిగా ఉంది, తాగండి," అంది. అంతే అంది.

ప్రదర్శనకి వెళ్ళేరోజు బుంగమూతి, కూతురు కోసి వెడల్పు చేసిన మడ్‌గార్డుల భుజాలతో, పల్చగా కొత్త రంగుతో తయారైంది. ఎడమ వైపు ఆ బొటనవేలు గుంట అలాగే ఉంది. కర్టెన్లమ్మ దిండు వేసుకుని ఎక్కి, చెయ్యి చాపింది. మేస్త్రి తాళాలు ఆ చేతిలో పెట్టాడు.

బండి వెనక్కి కదిలింది. ఆయన అలవాటుగా స్తంభం దగ్గర నిలబడి "రానీ, రానీ" అనబోయాడు. అద్దంలోంచి ఆవిడ ఒక్క చూపు చూసింది. నోరు మూసుకుని, అరచెయ్యి స్తంభానికి ఆనించి నిలబడ్డాడు.

భుజాలు వెడల్పైన బండి ఆ చేతికి జానెడు దూరంలోంచి, ఎక్కడా తగలకుండా వీధిలోకి వచ్చింది.

ఇంతేనండీ. మీ ఇంట్లో ఎవరి తాళాలు ఎవరి జేబులో ఉన్నాయో ఒకసారి చూసుకోండి. చూశాక, ఆ జేబు ఎవరిదో వాళ్ళకే ఈ కథ ముందు పంపండి.