చేతులకు పెద్ద వాటా

"ఆ బ్యాకప్ ఆపేయండి మేడమ్, మీ నెట్టు పరిగెడుతుంది. ఈమాత్రం దానికి నేను రావాలా?"

"ఆపడానికి వీల్లేదనే కదండీ పిలిచింది! ఆపడం మాకూ వచ్చు."

నెట్ కంపెనీ అబ్బాయికీ ఆ అమ్మాయికీ మాటలు అలా మొదలయ్యాయి. గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. పదకొండింటికి ఆమెకు వీడియోలో ఉద్యోగ పరీక్ష. బల్ల మీద పాత డిస్కు టకటకమంటోంది. అందులో చనిపోయిన అమ్మ వీడియోలున్నాయి. అవి ఇంటర్నెట్‌లో దాచుకోవడానికి ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి. డిస్కు పరిస్థితి ఇవాళో రేపో అన్నట్టుంది. ఒకసారి ఆపితే మళ్ళీ తిరుగుతుందన్న నమ్మకం లేదు.

"ఒకటే కంప్యూటరు, ఒకటే లైను. పోయిన మా అమ్మ వీడియోలవి, ఆపలేను. అంతా బ్యాకప్పే మింగేస్తే నా పరీక్షకేం మిగులుతుందండీ?" అంటూ ఆమె గడియారం వైపు చూసింది.

అతని విసుగు ఎగిరిపోయింది. "కంగారు పడకండి. ఏ ప్రోగ్రామ్‌కు ఎంత నెట్టో వాటాలు వేసేస్తాను. కాల్‌కి మాట వినబడేంత చాలు. మిగతాదంతా అమ్మగారి వీడియోలకి."

అయిదు నిమిషాల్లో వేసేశాడు. పరీక్షించడానికి ఆమె తండ్రి వంటగదిలోంచి ఫోన్‌లో కాల్ చేసి చేతులు ఆడించాడు. తెర మీద బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోయి, ఆ వేళ్ళన్నీ కలిసిపోయాయి.

"చూశారా! గిన్నెల చప్పుడు కూడా ఎంత బాగా వినబడుతోందో!" అన్నాడు అతను గర్వంగా.

"గిన్నెలు నాకెందుకండీ? మా నాన్నకు వినబడదు, మాట రాదు. నా పరీక్ష కూడా సైగల భాషలోనే! చేతులు చూసి నేను పైకి చెప్పాలి. వేళ్ళే కనబడకపోతే ఏం చెప్పను, మీ తలకాయ!"

అతని ముఖం పాలిపోయింది. "అందరికీ మాటే ముఖ్యం కదా అని అలవాటు మీద... ముందు అడగాల్సింది."

"నేనూ చెప్పాల్సింది."

మళ్ళీ మొదలుపెట్టాడు. చెమట తుడుచుకుంటూ చెప్పాడు: "ఇప్పుడు కాల్‌కి పెద్ద వాటా. బ్యాకప్‌కి సన్నటి ధార. కానీ సున్నా చేయను."

"ఇంకా మూడు వీడియోలున్నాయి. ఎక్కుతాయంటారా?"

"తెలీదండీ. అబద్ధం చెప్పలేను."

ఎందుకో ఆ మాటే ఆమెకు ధైర్యమిచ్చింది. అప్పటికి పదీ యాభై.

పరీక్ష మొదలైంది. తండ్రి డిస్కు మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. అది తిరుగుతోందో లేదో ఆయనకు చేతికే తెలుస్తుంది. తెర మీద ఒకావిడ తన జబ్బు గురించి గబగబా సైగలు చేస్తోంది. అమ్మాయి చెప్పుకుపోతోంది.

ఇరవై నిమిషాలయ్యాక, ఆమె కంటి చివర, తండ్రి చెయ్యి మెల్లగా పైకి లేచింది.

డిస్కు ఆగిపోయిందా? తల తిప్పితే ఒక సైగ పోతుంది. కెమెరా వెనక నిలబడ్డ అతను తెరవైపే వేలు చూపించాడు. ఆమె చూపు తిప్పలేదు.

"సోమవారం నుంచి రాగలరా?" అని అడిగారు చివర్లో, పరీక్ష పెట్టినవాళ్ళు.

"వస్తానండీ!" అని, వెంటనే ఇటు తిరిగింది. "డిస్కు?"

"ఆగిపోయింది. రెండు ఎక్కాయి. ఒకటి ఎక్కలేదు. క్షమించండి."

తండ్రి తడి కళ్ళతోనే ఏదో సైగ చేశాడు. ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

"ఏమంటున్నారు?"

"మిగిలిపోయిన దాంట్లో అమ్మ ఆయన్ని తిట్టిందట. పీడా విరగడైందంటున్నారు."

ఆయన అతణ్ణి చూపిస్తూ మళ్ళీ చేతులు కదిపాడు. ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి.

"ఇప్పుడేమంటున్నారు?"

"మంచినీళ్ళు కావాలా అని."

కూతురి పెదాలు చదివిన తండ్రి బల్ల మీద గట్టిగా కొట్టాడు.

"మంచినీళ్ళకి ఇంత కోపమా?" అన్నాడు అతను.

ఆమె నేల చూపులు చూస్తూ గొణిగింది. "నీ పని పరీక్షకు ముందే అయిపోయింది కదా, ఇంతసేపూ ఎందుకున్నావు, మా అమ్మాయి నచ్చిందా అని."

అతను ఆయన ఎదుటికి వచ్చి, పెదాలు కనబడేలా నెమ్మదిగా అన్నాడు. "నచ్చిందండీ. కానీ తనని కూడా అడగాలిగా."

తండ్రి కూతురి వైపు తిరిగి కనుబొమలెగరేశాడు.

ఆమె తల దించుకునే, ఔనన్నట్టు చిన్నగా ఊపింది.