మధ్యన పెట్టిన కాగితాలు

"ముప్పై ఆరు ఆకులేమిటి? నేనిచ్చింది పద్దెనిమిదేగా!"

వాన దంచికొడుతోంది. చేతిలో గొడుగుంది, దాన్ని తెరవాలన్న సంగతే ఆమెకు గుర్తు లేదు. ఎదురు వరసలోని టైలరు మాస్టారి కూతురు నిలువునా తడిసిపోయి, బైండింగ్ షాపు మెట్ల మీద నిలబడి రసీదు ఊపుతోంది.

బైండరు పళ్ళ మధ్య పట్టుకున్న దారం తీసి పక్కన పెట్టాడు.

"ముప్పై ఆరేనండీ. మూడుసార్లు లెక్కపెట్టాను. పుస్తకం కట్టి, నిన్న నేనే స్వయంగా వెళ్ళి కాలేజీకి కొరియర్ చేసి వచ్చాను. మీకు పరీక్ష ఉందన్నారుగా," అన్నాడు గర్వంగా.

"అందులో సగం రఫ్ కాగితాలు! బొగ్గుతో వేసిన బొమ్మలు ఒకదానికొకటి రాసుకుని మసైపోతాయని మధ్యమధ్యలో పెట్టాను. నాన్న నమూనాలు కత్తిరించగా మిగిలిన బ్రౌన్ పేపరు ముక్కలవి. ఎవరైనా వాటినీ కలిపి కుట్టేస్తారా?"

బైండరు గర్వం ఉన్నపళంగా దిగిపోయింది.

తప్పు పూర్తిగా అతనిదీ కాదు, వాళ్ళ తాతది. పని నేర్పిన రోజునే మనవడికి రెండు ముక్కలు చెప్పాడాయన. బల్ల మీదికి వచ్చిన కాగితం ఏదీ తీసెయ్యకూడదు. కట్టేవాడు చదవకూడదు. జనం డైరీలు తెస్తారు, వీలునామాలు తెస్తారు, పాత ప్రేమలేఖలు కూడా తెస్తారు. అంచులు సరిచేసి కుట్టడం వరకే మన పని, లోపలి సంగతి మనకెందుకని ఆయన వాదన. మనవడు తు.చ. తప్పకుండా పాటించాడు.

"వాటి మీద కూడా బొమ్మలున్నాయి. చూశావా?" అందామె. కోపంలో 'మీరు' కాస్తా ఎప్పుడో 'నువ్వు' అయిపోయింది.

"ఒట్టు, చూడలేదు. మేం అంచులే చూస్తాం."

ఆమె హమ్మయ్య అనుకుంది. మరుక్షణమే మొహం ముడుచుకుంది.

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా."

"చూస్తే నీ సొమ్మేం పోయింది!"

చూస్తే తప్పా, చూడకపోతే తప్పా అర్థంకాక బైండరు బుర్ర గోక్కున్నాడు. ఆమె అప్పటికే రోడ్డు దాటేసింది, గొడుగు తెరవకుండానే.

నిజానికి ఆమె కోపంలో న్యాయముంది. ఊళ్ళోనే ఇంటీరియర్ డిజైన్‌లో సీటు వచ్చి కూర్చుంది. "మనుషులకు ఇళ్ళున్నంత కాలం ఆ పనికి ఢోకా లేదు" అని మాస్టారి నమ్మకం. ఆమె మనసు మాత్రం పుస్తకాలకు బొమ్మలు వేసే చదువు మీద ఉంది. ఆ కాలేజీ బస్సులో ఆరు గంటల దూరం. తండ్రీకూతుళ్ళ మధ్య నెల రోజులు వాదన నడిచి, చివరికి ఒప్పందం కుదిరింది. ఈ బొమ్మల పుస్తకం చూసి వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచి సీటిస్తే అక్కడికి. లేదంటే ఒకటో తారీఖున ఇక్కడ చేరాలి, మళ్ళీ ఆ ఊసెత్తకూడదు. మాస్టారు మాటంటే మాటే.

అంటే బైండరు ఆ అమ్మాయి నోటికాడి ముద్ద తన్నేశాడన్నమాట.

ఆ సాయంత్రం కుర్చీలో కూలబడి అదే తలుచుకుంటుంటే, మనసు మూలలోంచి ఇంకో మాట మెల్లగా బయటికొచ్చింది. వాళ్ళు పిలవకపోతే ఆమె ఇక్కడే ఉంటుంది. కాగితాల కోసం రోజూ రోడ్డు దాటి వస్తుంది. కాసేపు ఎంతో హాయిగా అనిపించింది. తర్వాత తనంటే తనకే సిగ్గేసింది.

మర్నాడు ఆలస్యంగానైనా కాలేజీకి ఫోన్ చేశాడు. "వచ్చినది వచ్చినట్టే చూస్తాం, మార్చడానికి వీల్లేదు" అన్నారు. అప్పుడిక ఉత్తరం రాశాడు. 'అయ్యా, అమ్మా, తప్పంతా బైండరుది. దయచేసి బ్రౌన్ కాగితాలు చూడకండి, తెల్లవే చూడండి. నేను బొమ్మలు చూడలేదు గాని, ఆ అమ్మాయి కాగితం పట్టుకునే తీరు చాలాసార్లు చూశాను. మంచి చెయ్యి.'

పన్నెండు రోజులు ఆమె షాపు వైపు కన్నెత్తి చూడలేదు. పదమూడో రోజు మాస్టారే మెడలో టేపుతో సహా వచ్చారు.

"ఏమయ్యా, అమ్మాయికి ఇంటర్వ్యూ వచ్చింది. ఉత్తరం రాసిన బైండరు కూడా వీలైతే రావాలట. నువ్వేం రాశావయ్యా బాబూ?"

బస్సులో ముగ్గురి సీటు దొరికింది. కూతురు కిటికీ పక్కన, బైండరు ఇటు చివర. మాస్టారు మధ్యన కూర్చుని ఆరు గంటలూ కునుకు తియ్యలేదు.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు పరీక్షకులున్నారు. అందులో పెద్ద మేడమ్ పుస్తకం కుట్టు విప్పేసి, తెల్ల కాగితాలు ఒక పక్కకు నెట్టి, బ్రౌన్ కాగితాలు బల్లంతా పరిచింది. తండ్రినీ బైండరునూ కూడా లోపలికి పిలిపించింది.

"మీ ఉత్తరం చదివాం," అంది బైండరుతో. "చూడొద్దని రాస్తే చూడకుండా ఎలా ఉంటామండీ?"

తర్వాత అమ్మాయి వైపు తిరిగింది.

"తెల్లవి బాగున్నాయమ్మా. కూజా, పళ్ళబుట్ట, కిటికీ. ఈ గదికి రోజూ ఇరవై కూజాలొస్తాయి. ఇవి మాత్రం రావు." ఒక్కో కాగితం ఎత్తి చూపించింది. నోటి నిండా గుండుసూదులతో మాస్టారు. కొలత తీస్తుంటే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్న లావుపాటాయన. అద్దంలో తన వీపు తనే చూసుకోవాలని తంటాలు పడుతున్న పెద్దావిడ. "ఈ మనుషులకు పేర్లు లేకపోయినా నాకు తెలిసిపోయారు. కానీ ఇతనెవరు? పద్దెనిమిదింటిలో ఏడింటిలో ఉన్నాడు."

తల వంచుకుని, పళ్ళ మధ్య దారం పట్టుకుని, ఏదో కుట్టుకుంటున్న కుర్రాడు. మొహం సగమే కనిపిస్తోంది.

అమ్మాయి సీలింగ్ ఫ్యాను వైపు చూసింది. "ఎవరో... దారిన పోయే మనిషి మేడమ్."

మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని కాగితాన్ని వెలుతురులో పట్టుకున్నారు.

"దారిన పోయే మనిషి కాదండీ. ఎడమ భుజం కుడిదానికన్నా అరంగుళం దిగుడు. కాగితాలు కోసే మిషను పిడి లాగీ లాగీ అలా అయింది. ఇతని చొక్కాలు నేనే కుడతాను."

అని బైండరును ఎగాదిగా చూశారు. బైండరు మాత్రం ఆయన్ని గమనించే స్థితిలో లేడు. తాను కట్టిన కాగితాలను జీవితంలో మొదటిసారి చూస్తున్నాడు. ఒకరు తనను ఇంత ఓపిగ్గా, ఇంత ప్రేమగా చూశారని తెలిశాక ఆ కాగితాల మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

సీటు ఇచ్చేశారు. నాలుగింటిలోగా ఆఫీసులో సంతకం పెట్టాలి. మాస్టారు హాస్టల్ గది చూడ్డానికి వెళ్ళారు. వరండాలో ఇద్దరే మిగిలారు, బయట మళ్ళీ వాన మొదలైంది.

"ఏడు బొమ్మలా?" అన్నాడు బైండరు.

"నోట్లో దారముంటే నువ్వు మాట్లాడవు, కదలవు. గీయడం సులువు. అంతే."

"అంతేనా?"

"అంతే కాదులే," అంది, చేతిలో ఉన్న ఫారం అంచు నలుపుతూ.

అతను గొంతు సవరించుకున్నాడు. "నీకో నిజం చెప్పాలి. నీకు సీటు రాకపోతే బాగుండునని అనుకున్నాను."

"ఎంతసేపు?"

"ఆ సాయంత్రమంతా. మర్నాడు కూడా కొంచెం."

ఆమె తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

"నేను పన్నెండు రోజులూ అనుకున్నాను. అందుకే నీ వైపు చూడలేదు. చూస్తే, ఇక్కడే చేరిపోతానని నాన్నతో అనేస్తానేమోనని భయమేసింది. ఇప్పుడు కూడా భయంగానే ఉంది. సంతకం పెట్టాలా?"

నాలుగేళ్ళ చదువు. వద్దు అనే మాట బైండరు నాలుక చివరే ఉంది. ఆమె చూపు ఆ నాలుక మీదే ఉంది.

"పెట్టు," అన్నాడు. "నువ్వంటే నాకు ప్రాణం. నా కోసం ఆగిపోయి కర్టెన్లు కొలుస్తూ కూర్చున్నావంటే, అవి చూసినప్పుడల్లా నేను చస్తాను. వెళ్ళు, టైమవుతోంది."

ఆమె కళ్ళు తుడుచుకుంది, నవ్వింది, పరిగెత్తింది.

కౌంటరు దగ్గర ఆమె సంతకం పెడుతుండగా మాస్టారు తిరిగొచ్చి బైండరు పక్కన నిలబడ్డారు.

"గది బాగుంది. ఎవరో ఒకరు వచ్చి చూసి వెళ్తుండాలి. ఆదివారాలు నాకు రద్దీ. నీకు సెలవేగా?"

"సెలవే మాస్టారూ."

"నెలకోసారి."

"పదిహేను రోజులకోసారి నాన్నా," అంది కూతురు, ఫారం మీంచి తల ఎత్తకుండానే.

మాస్టారు నిట్టూర్చారు. "సరే. కానీ పొద్దున ఆరింటి బస్సుకు బయల్దేరి, రాత్రి ఏడుకల్లా ఇంట్లో ఉండాలి."

పోను ఆరు గంటలు, రాను ఆరు గంటలు. బైండరు వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. మొహం వెలిగిపోయింది.

"గంట చాలు మాస్టారూ," అన్నాడు.