వేరు లేని మొక్క

పొన్నగిరి రాజ్యంలో ఆ ఏడాది ఎవరూ ఎవరినీ నమ్మడం లేదు. దానికి కారణం ఉంది పిల్లలూ. రాకుమారి రత్నప్రభ ఒకనాడు నిద్ర లేచేసరికి ఆమె పాదాలు రాయిగా మారిపోయి ఉన్నాయి.

రాజవైద్యుడు మూలికల గ్రంథం తెరిచి, శిలాహారి అనే మొక్క బొమ్మ చూపించి, దాని ఆకు పసరు పూస్తే రాయి కరుగుతుందన్నాడు. వీరులు ఒకరి తర్వాత ఒకరు అడవికి వెళ్లి, అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉన్న కొమ్మలు తెచ్చారు. మొదటి పసరుకు మోకాళ్లు రాయి అయ్యాయి, రెండోదానికి నడుము, మూడోదానికి పొట్ట. ఇక మిగిలింది గుండె. రాజు వైద్యుణ్ణి అనుమానించాడు. వైద్యుడేమో బొమ్మ వేసిన ముసలి వీరాచారిని అనుమానించి, చెరసాలలో పెట్టించాడు.

వీరాచారి మనవరాలు కేతకికి పన్నెండేళ్లు. తాతను చూడటానికి వెళ్లి, ఊచల దగ్గర నిలబడి నిలదీసింది.

"తాతయ్యా, నిజం చెప్పు. ఆ మొక్కను చూసే వేశావా?"

"చూసే వేశానే తల్లీ. కాకపోతే..."

"కాకపోతే?"

"చీరల మీద లతలు వేసే చెయ్యి కదా! కుడివైపు ఆకు వేస్తే ఎడమవైపు కూడా వెయ్యందే ఊరుకోదు. అసలు మొక్కకు ఆకులు జంటగా ఉండవు, ఒకటి ఇటు, ఒకటి అటు. వేరేమో అంచు గీత అడ్డొచ్చిందని వదిలేశాను. అందం కోసమేనమ్మా!"

కేతకికి ఒళ్లు మండింది. అయినా తాత మీద కోపం ఎంతసేపు ఉంటుంది? బొమ్మలో తప్పు ఉంటే, వీరులకు అచ్చం బొమ్మలాంటి మొక్క ఎక్కడ దొరికింది? ఆ ప్రశ్నే మూటగట్టుకుని అడవికి బయలుదేరింది.

వాగు దగ్గర చెవి చిరిగిన ఎలుగుబంటి దారికి అడ్డంగా కూర్చుంది.

"నా బొమ్మ వేస్తేనే దాటనిస్తాను" అంది.

కేతకి బొగ్గుముక్కతో బండమీద దాని బొమ్మ గీసింది, చిరిగిన చెవితో సహా. ఎలుగు చాలాసేపు చూసింది.

"మావాళ్లంతా ఈ చెవి చూడనట్టు నటిస్తారు. నువ్వు చూశావు. అందుకని ఒక మాట చెబుతా. కొండమీద ఒక స్వామి ఉన్నాడు. ఎవరొచ్చినా పీట మీంచి లేవడు. ఎందుకో కనుక్కో" అంటూ పక్కకు జరిగింది.

కొండమీది తోటలో ఎండుటాకన్నది లేదు, పురుగు కొరికిన ఆకు కూడా లేదు. నాకైతే అక్కడే అనుమానం వచ్చి వెనక్కి తిరిగేవాణ్ణి. కేతకి తిరగలేదు.

"శిలాహారి కోసమేగా తల్లీ? అదుగో. ఉండు, నేనే కోసిస్తాను" అంటూ స్వామి పీట మీంచే కొడవలి చాచాడు.

ఆ మొక్కకు ఆకులు జంటలు జంటలుగా ఉన్నాయి. కేతకి గబుక్కున దాన్ని పట్టుకుని పీకింది. కత్తిరించిన కర్రలా ఊడి వచ్చింది. కింద వేరు లేదు!

అది వీరులు తెచ్చి చూపిన బొమ్మను చూసి స్వామి పుట్టించిన మొక్క. తాత వేయనిది అందులోనూ లేదు. కేతకి ఆ సంగతి పసిగట్టినట్టు మొహంలో కనబడనివ్వలేదు.

"ఎంత చక్కటి మొక్క స్వామీ! మీదీ ఒక బొమ్మ గీసుకుంటాను. నిలబడితే మీ ఠీవి బాగా కనబడుతుంది."

పొగడ్తకు స్వామి ఉబ్బిపోయి లేచి నిలబడ్డాడు. కేతకి ఒక్క ఉదుటున పీట లాగేసింది. దాని కింద చిన్న గుంటలో ఎండ తగలక పాలిపోయిన మొక్క ఉంది. వంకర కాడ, పురుగు కొరికిన ఆకులు, ఒకటి ఇటు, ఒకటి అటు.

"ముట్టుకోకు!" అని స్వామి అరిచాడు. గడ్డం రాలిపోయింది, ఒళ్లంతా బండరాయి బయటపడింది. "నా కొండను తవ్వి మీ రాజు మెట్లు కట్టించుకున్నాడు. ఆయన బిడ్డనూ రాయిని చేస్తాను!"

కేతకి మొక్కను వేరుతో సహా పెకలించి అతని చేతికి రాసింది. రాక్షసుడు ఇసుకై కూలిపోయాడు.

మొక్క చాలా చిన్నది. అంతా తీసుకుపోతే ఆ జాతే ఉండదు. కేతకి రెండాకులున్న ఒక పాయను విరిచి మళ్లీ అక్కడే నాటి, నీళ్లు పోసి, మిగిలింది పట్టుకుని పరుగుతీసింది.

పసరు పూయగానే పొట్ట, నడుము, మోకాళ్లు కరిగాయి. ఎడమకాలి చిటికెనవేలు దగ్గరికి వచ్చేసరికి పసరు అయిపోయింది. కేతకి భయపడుతూనే పాయ సంగతి చెప్పింది. రాజు ముఖం చిట్లించాడు గానీ, రత్నప్రభ లేచి నాలుగడుగులు వేసి పకపకా నవ్వింది.

తాత విడుదలయ్యాడు. రాజు ఇక కొండను తవ్వనని మాట ఇచ్చి, గ్రంథంలోని బొమ్మలన్నీ మళ్లీ వేసే పని కేతకికి అప్పగించాడు. ముందు రాకుమారి బొమ్మ వేయమన్నాడు.

"ఆ వేలు మాత్రం మామూలుగా వెయ్యమ్మా" అన్నాడు మెల్లగా.

"వద్దు. రాయి వేలే వెయ్యి. లేకపోతే అది నేనని ఎవరు నమ్ముతారు?" అంది రత్నప్రభ.

పక్కన రంగులు నూరుతున్న వీరాచారి, మూలికల గ్రంథంలో శిలాహారి పుట తీసి, కింది అంచు గీతను చెరిపి, మొదటిసారి వేరు గీశాడు.